ఏ కారు నమ్మకమైనది?

మన క్వార్టర్సులో సాయంత్రం ఆరు దాటాక రెండు సభలు కొలువుతీరుతాయి. ఒకటి బ్యాడ్మింటన్ కోర్టు గట్టు మీద పిల్లలది. రెండోది పార్కింగు షెడ్డు కింద పెద్దలది. ఊరు మారినా, రాష్ట్రం మారినా ఈ సభలు మాత్రం మారవు. అస్సాంలో విన్నాం, రాజస్థాన్‌లో విన్నాం, విశాఖలోనూ విన్నాం. భాష ఏదైనా తీర్పులు అవే. "జపాన్ ఇంజను ఇరవై ఏళ్ళయినా దగ్గదు." "జర్మన్ కారు కొనడానికి అప్పు చాలు, సర్వీసింగుకి పొలం అమ్మాలి." "తలుపు వేసినప్పుడు వచ్చే చప్పుడు విను, అదీ బండంటే." "అంబాసిడర్ ముందు ఇవాళ్టివన్నీ రేకుడబ్బాలు."

పిల్లల సభలో ఇవే మాటలు ఇంకాస్త గట్టిగా వినిపిస్తాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడు హార్స్‌పవర్ అంకెలను ఎక్కాల్లా అప్పజెబుతాడు. అదే పిల్లవాణ్ణి ఛందస్సులో గణాలు అడిగితే నేలచూపులు చూస్తాడు. తెలుగు మాస్టార్ల బాధ ఇది, ఒక్కసారి చెప్పుకోనివ్వండి.

ఈ కబుర్లు మాకూ ఇష్టమే. అయితే మనలాంటి బదిలీ కుటుంబాలు వీటిని నమ్మి డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక సంగతి ఆలోచించాలి. మామూలు ఉద్యోగి జీవితం మొత్తంలో కొనేది రెండు మూడు కార్లు. ఒక కంపెనీ ఏడాదికి లక్షల కార్లు అమ్ముతుంది. ఆ లక్షల్లో ఒక్కటి మన ఎదురింటి అంకుల్ దగ్గర బాగా నడిచింది కాబట్టి ఆ కంపెనీ గొప్పది, మరొకటి పక్కింటి ఆంటీని రోడ్డు మీద నిలబెట్టింది కాబట్టి ఆ కంపెనీ పనికిరానిది! మెతుకు పట్టి అన్నం చూడటం ఒకే గిన్నెలో ఉడికిన అన్నానికి చెల్లుతుంది. కార్లన్నీ ఒకే గిన్నెలో ఉడకవు. ఒకరు రోజూ నూరు కిలోమీటర్లు నడుపుతారు, ఒకరు ఆదివారం కూరగాయలకు మాత్రమే తీస్తారు. ఒకరు ఆయిలు వేళకు మారుస్తారు, ఒకరు దీపం వెలిగేదాకా చూస్తారు.

కొత్త ఊరికి వచ్చినప్పుడు మనకు ఎవరూ తెలియదు. అందుకే ఎవరు గట్టిగా మాట్లాడితే వారి మాట నమ్ముతాం. మేమూ అలాగే నమ్మాం. ఒక పోస్టింగులో తోటివారు చెప్పారని పాత కారు ఒకటి కొన్నాం. "ఇంజను వెన్నపూస, కళ్ళు మూసుకుని తీసుకోండి సార్" అన్నారు. కళ్ళు మూసుకునే తీసుకున్నాం. నాలుగు నెలలకే బదిలీ ఆర్డరు వచ్చింది. సామాను లారీకెక్కించి, మేము కారులో బయలుదేరాం. రెండో రోజు రాత్రి, మధ్యప్రదేశ్ అడవి దారిలో వెనక టైరు పేలింది. కారు రోడ్డు పక్క రాళ్ళను రాసుకుంటూ వెళ్ళి ఆగింది. వెనక సీటులో మా మూడేళ్ళ పాప నిద్రపోతోంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆగి సాయం చేసిన లారీ డ్రైవరు టార్చి వేసి టైరు పక్కభాగం చూసి, "సాబ్, యే తో తొమ్మిదేళ్ళది" అన్నాడు సగం హిందీలో, సగం మన భాషలో. ఆయనది అనంతపురం. స్టెప్నీ కూడా అదే వయసుది. తెల్లవారేవరకూ ఢాబా ముందు నులక మంచం మీద కూర్చున్నాం.

తమాషా ఏమిటంటే, ఇంజను నిజంగా వెన్నపూసే. మాకు చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. మేము అడగాల్సినవి అడగలేదు, అంతే. టైరు అరగకపోయినా రబ్బరు ముదిరిపోతుందని, ఎండలో నిలిపిన బండికి అది ఇంకా త్వరగా జరుగుతుందని ఆ షెడ్డు కింద సభలో ఎప్పుడూ చర్చకు రాలేదు. టైర్ల గురించి మాట్లాడితే ఎవరు వింటారు?

మనకు ఇంకో ప్రత్యేకత ఉంది. మన కారు ఒక ఊరి కారు కాదు. సముద్రం ఒడ్డున విశాఖలోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో నాలుగేళ్ళుంటే ఉప్పుగాలికి తలుపుల అడుగు, సైలెన్సరు తుప్పు పడతాయి. జైసల్మేర్ వైపు వెళ్తే ఇసుక దుమ్ము ఎయిర్ ఫిల్టరులో కూరుకుపోతుంది. ఇంజనుకు ఊపిరాడక మైలేజీ పడిపోతే మనం కంపెనీని తిడతాం. అస్సాంలో చెమ్మకు సీట్ల మీద బూజు. లద్దాఖ్ చలికాలంలో మామూలు డీజిలులోని మైనం గడ్డకట్టి పైపుల్లో కదలదు. అందుకనే 2019లో ఇండియన్ ఆయిల్ అక్కడివారి కోసం మైనస్ 33 డిగ్రీల వరకూ గడ్డకట్టని చలికాలపు డీజిలు తెచ్చింది. ఇక ఎలుకల సంగతి. వాటికి రాష్ట్రభేదం లేదు, వైర్లు ఎక్కడైనా కొరుకుతాయి.

కాబట్టి "ఏ కారు నమ్మకమైనది" అని అడిగే ముందు "ఏ ఊళ్ళో, ఎవరు బాగుచేస్తారు" అని అడగాలని మా అభిప్రాయం. ఒక పోస్టింగులో కంపెనీ సర్వీస్ సెంటరుకు వెళ్ళి రావాలంటే ఒక రోజు సెలవు పెట్టాల్సి వచ్చేది. అక్కడ చూశాం, అందరూ వెక్కిరించే చిన్న కార్లు బస్టాండు వెనక షెడ్డులో గంటలో తయారయ్యేవి. గొప్ప కార్లు విడిభాగం కోసం మూడు వారాలు గుడ్డ కప్పుకుని కూర్చునేవి. మారుతి 800కు వచ్చిన పేరులో సగం దాని 796 సీసీ ఇంజనుది అయితే, మిగతా సగం దేశమంతటా దాన్ని విప్పి బిగించడం నేర్చుకున్న మెకానిక్‌లది.

ఆ కారు కథ ఒకటి చెప్పాలి. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలను ప్రధాని ఇందిరా గాంధీ చేతుల మీదుగా అందుకున్నది హర్పాల్ సింగ్ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. నంబరు డీఐఏ 6479. 2010లో చనిపోయేవరకూ ఆయన దాన్ని వదల్లేదు. ఆయన పోయాక కారు ఇంటి బయట ఎండకూ వానకూ నిలిచి తుప్పు పట్టింది. చివరికి కంపెనీయే తీసుకెళ్ళి, బాగుచేసి, తన కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టింది. ఇరవై ఏడేళ్ళు ఆ కారును నిలబెట్టింది ఇంజనా, ఆయనా? ఇద్దరూ అనుకోండి. కానీ ఆయన లేకపోతే ఏమైందో చూశాం కదా.

"పాత కార్లు ఇనుము, అందుకే ఇంకా తిరుగుతున్నాయి" అనేవారికీ ఇదే జవాబు. దిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో మొదలుపెట్టిన పాత కార్ల ర్యాలీ గురించి వినే ఉంటారు. తళతళలాడే పాత బండ్లను చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అయితే ఆ వరుసలో రానివి కూడా మనం లెక్కపెట్టాలి. వాటితోపాటు ఆ ఏడాదే తయారై, ఎప్పుడో పాత ఇనుము కొట్టుకు చేరినవి వాటికి ఎన్నో రెట్లు. మిగిలినవాటిని మాత్రమే చూసి ఆ కాలం కార్లన్నీ గట్టివే అనుకోవడం, వందేళ్ళు బతికిన ఒక తాతగారిని చూసి ఆ కాలంలో అందరూ నూరేళ్ళు బతికారనుకోవడం లాంటిది. అంబాసిడర్ మీద మాకూ ప్రేమే. 2014లో ఉత్తర్‌పాడాలో దాని తయారీ ఆగిపోయినప్పుడు మనసు చివుక్కుమంది. కానీ మందపాటి రేకు మనిషిని కాపాడుతుందనుకోవడం తప్పు. ఇప్పటి కార్ల ముందుభాగం గుద్దుకున్నప్పుడు కావాలనే నలిగేలా చేస్తారు. ఆ నలగడంలో దెబ్బ తాలూకు శక్తి ఖర్చై, లోపల కూర్చున్నవారి దాకా తక్కువే వస్తుంది. ఫిజిక్సు సార్‌ని అడగండి, ఇంకా బాగా చెబుతారు. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన దేశంలోనే కార్లను గుద్దించి చూసి నక్షత్రాలు ఇస్తున్నారు. తలుపు చప్పుడు కన్నా ఆ నక్షత్రాలు చూడటం మేలు.

కార్ల ప్రదర్శనలకు మాత్రం తప్పక వెళ్ళండి. 2008 జనవరిలో దిల్లీ ప్రగతి మైదానంలో లక్ష రూపాయల కారు అంటూ టాటా నానో తెర తీసినప్పుడు దేశమంతా అదే మాట. మేము అప్పుడు చదువుకుంటున్నాం, హాస్టలు టీవీ ముందు నిలబడటానికి చోటు లేదు. ఆ కారు అనుకున్నంత అమ్ముడుపోలేదు, పదేళ్ళకే తయారీ ఆగిపోయింది. ప్రదర్శనలో చప్పట్లకూ రోడ్డు మీద బతుకుకూ సంబంధం ఉండాలని లేదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూశారా? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేయించుకున్నది. అది రాకముందే ఆయన పోయారు. ఊరేగింపులకే తప్ప అది పెద్దగా తిరగలేదు. వందేళ్ళు దాటినా ఉందంటే ఆశ్చర్యం ఏముంది! అదే ఊళ్ళో బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం మాకు ఇంకా ఇష్టం. క్రికెట్ బ్యాటు, పెన్ను ఆకారాల్లో చేతితో చేసిన కార్లు అక్కడివి. ప్రదర్శనంటే నవ్వుకుంటూ చూడాలి. కొనడానికి మాత్రం పనికొచ్చే విషయాలు వేరే చోట దొరుకుతాయి.

కాగితాల దగ్గరకు వద్దాం. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి కారు ఉంచితే అక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించాలని మోటారు వాహనాల చట్టం. అంటే పాత రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ, కొత్త రాష్ట్రంలో రోడ్డు పన్ను, పాతచోట కట్టిన పన్ను వాపసు కోసం అర్జీలు. ఆ వాపసు వచ్చేలోపు ఇంకో బదిలీ వచ్చేస్తుంది. మన పిల్లలకు రాష్ట్రాల కోడ్లన్నీ కంఠతా రావడానికి కారణం ఇదే. మన తెలుగు నేలమీదే చూడండి, ఆంధ్రలో 2019 నుంచి కొత్త బండ్లకు జిల్లాల కోడ్లు పోయి ఏపీ 39 వచ్చింది, తెలంగాణలో 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. 2021 సెప్టెంబరు 15 నుంచి బీహెచ్ నంబర్లు మొదలయ్యాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, సైనికులు తీసుకోవచ్చు. రోడ్డు పన్ను రెండేళ్ళకోసారి కడితే చాలు, రాష్ట్రం మారినా నంబరు మారదు. షెడ్డు కింద మహాసభలో టర్బో గురించి గంటసేపు మాట్లాడతారు, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మీ నాన్నగారో అమ్మగారో కొత్త కారు కొనబోతుంటే ముందు ఈ సంగతి గుర్తుచేయండి.

ఒక పోస్టింగులో ఉదయం గేటు డ్యూటీలో నిలబడి ఒక విషయం గమనించాం. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు బడికి కాస్త ముందున్న మలుపులో పాత 800 దిగి, అక్కడి నుంచి నడిచి వచ్చేవాడు. వాళ్ళ నాన్న ప్రతి ఆదివారం ఆయిలు, నీళ్ళు, టైర్లలో గాలి తానే చూసుకునే మనిషి. బస్సులో పిల్లలు ఆ కారును "డబ్బా" అనేవారట. గేటు దాకా రావద్దని కొడుకు అడిగితే, ఎందుకని అడక్కుండా ఆయన మలుపులోనే ఆపడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది వారికి దిల్లీ బదిలీ. పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండి, పదేళ్ళు దాటిన డీజిలు బండి అక్కడ నడపకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్, 2018లో సుప్రీం కోర్టు చెప్పాయి. అక్కడి పిల్లలు పీల్చే గాలి సంగతి అది, మేము కాదనం. కారు తుక్కు కింద వెళ్ళిపోయింది. టీసీ కోసం వచ్చినప్పుడు ఆ పిల్లవాడు మాతో ఒక్క మాటే అన్నాడు, "సార్, అది మమ్మల్ని ఒక్కసారి కూడా దారిలో ఆపలేదు."

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంటి బండి టైరు పక్కన వేలితో తడిమి నాలుగు అంకెల ముద్ర వెతకండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం. స్టెప్నీ కూడా చూడటం మరిచిపోకండి. కారు లేనివారు స్కూటరు టైరు చూడవచ్చు, అదీ లేకపోతే స్కూలు బస్సు ఉండనే ఉంది, డ్రైవరు అంకుల్‌ని అడిగి చూడండి. ఏ అంకె కనబడిందో సోమవారం తెలుగు పీరియడులో చెప్పండి. గణాలు ఆ తర్వాత చూసుకుందాం.