తాత్కాలిక క్యాపు ఊడిపోతే ఏమి చేయాలి?



మిర్చి కోతల కాలంలో ఒక ఆదివారం ఆరాధన అయిన తరువాత మా సంఘ సహోదరి ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని మా దగ్గరకు వచ్చింది. ఎప్పుడూ ముందు నిలబడి పాటలు పాడే ఆమె ఆ రోజు వెనుక వరుసలో కూర్చున్నది. ముందు పళ్ళకు పెట్టిన తాత్కాలిక బ్రిడ్జి అన్నం తింటుండగా రెండు ముక్కలైనదట. కొడుకు చెప్పులు అతికించే గమ్ముతో దానిని అంటించాడు. అది వంకరగా పట్టుకొని, చిగుళ్ళు వాచి, రెండు రాత్రులు ఆమెకు నిద్ర లేదు. "పట్నం పోతే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు పోతాయి కదండీ" అన్నది. ఆమెను తప్పు పట్టలేము. ఇటువంటి ఇబ్బంది అనేక కుటుంబాలలో ఉన్నది గనుక ఈ నెల ఈ సంగతి వ్రాస్తున్నాము.

పంటిని అరగదీసి కొలత తీసుకొన్న తరువాత, అసలు క్యాపు తయారై వచ్చేవరకు డాక్టరుగారు తాత్కాలిక క్యాపు పెడతారు. సాధారణంగా అది రెండు మూడు వారాల కొరకే. అక్రిలిక్ వంటి ప్లాస్టిక్‌తో చేస్తారు. మరల తేలికగా తీయవలెను గనుక, అంటించే సిమెంటు కూడా కావాలనే బలం తక్కువగా ఉన్నది వాడతారు. అందుచేత అది ఊడినా విరిగినా కంగారుపడవద్దు. బ్రిడ్జి అయితే, కట్టుడు పన్ను పక్క పంటితో కలిసే అతుకు దగ్గరే తరచుగా విరుగుతుంది.

అలా జరిగితే ఈ క్రింది విషయాలు గుర్తుంచుకొనండి.

1. క్యాపును, విరిగిన ముక్కలను కూడా కడిగి చిన్న డబ్బాలో దాచండి. పారవేయవద్దు.

2. ఇంట్లోని ఏ గమ్ముతోనూ అంటించవద్దు. అది చిగుళ్ళను కాలుస్తుంది. తీసేటప్పుడు పన్నే విరగవచ్చును.

3. వదులైన క్యాపును నోటిలో ఉంచుకొని నిద్రపోవద్దు. అది ఊపిరితిత్తులలోనికి జారే ప్రమాదమున్నది. జారి దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

4. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించండి. అరగదీసిన పంటిని మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయండి. పిన్నీసుతో గుచ్చవద్దు.

5. ఆ వైపున జంతికలు, చెరకు, వక్క, ఎముకలు కొరకవద్దు.

6. ఒకటి రెండు రోజులలో డాక్టరుగారిని కలవండి. ఆలస్యమైతే పక్క పళ్ళు ఖాళీలోనికి ఒరుగుతాయి, ఎదుటి పన్ను దిగుతుంది. అప్పుడు అసలు క్యాపు సరిపోదు, మరల కొలత తీయవలసి వస్తుంది.

బాగుచేయుట పెద్ద పని కాదు. ముందు పాత సిమెంటును పూర్తిగా గీకివేస్తారు. లవంగ నూనె వాసన వచ్చే సిమెంటు మిగిలితే కొత్త అక్రిలిక్ సరిగా గట్టిపడదు. ఊడినది మంచిగా ఉంటే మరల అంటిస్తారు. పగులుంటే అక్రిలిక్ పొడి, ద్రవము కలిపి పూస్తారు. వదులైతే లోపల కొత్త పొర వేస్తారు. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది గనుక పంటికి దెబ్బ తగలకుండ మధ్యలో బయటికి తీస్తారు. బ్రిడ్జి అతుకు దగ్గర విరిగితే ముక్కలు కలుపుతారు, కుదరకపోతే కొత్తది చేస్తారు. నోరు మూసినప్పుడు అదే ముందుగా తగులుతున్నట్లుంటే మొహమాటపడక చెప్పండి. ఎత్తుగా ఉన్నదే త్వరగా విరుగుతుంది.

ముఖ్యమైన మాట ఒకటి. నొప్పి పోయింది గదా అని తాత్కాలిక క్యాపుతోనే నెలల తరబడి గడపవద్దు. దాని అంచుల సందులలో ఉమ్మి, ఆహారం చేరి లోపల పన్ను పుచ్చిపోతుంది. పెట్టిన డబ్బూ పోతుంది, పన్నూ పోతుంది. డబ్బు చాలకపోతే, వెనుక పంటికి తక్కువ ధరలో లోహపు క్యాపు వేయగలరేమో అడగండి. హైదరాబాదు, విజయవాడ, కడప పట్టణాలలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నవి.

ఆ సహోదరికి స్త్రీల సమాజం వారు బస్సు ఛార్జీలు సమకూర్చారు. ఒకరు తోడు వెళ్ళారు. గమ్మును వదిలించడానికే డాక్టరుగారికి చాలా సేపు పట్టినది గాని పళ్ళు దక్కాయి. మూడు వారాలకు అసలు బ్రిడ్జి వచ్చింది. ఇప్పుడామె మరల ముందు వరుసలో నిలబడి పాడుచున్నది.

మీ సంఘంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకొన్నవారు ఉన్నారేమో చూడండి. వారికొరకు ప్రార్థించండి, బస్టాండు వరకు తోడు కూడా వెళ్ళండి. ప్రభువు మీ కుటుంబములను ఆరోగ్యముతో దీవించునుగాక. ఆమేన్.