నలభై ఏళ్ల తర్వాతి లెక్క... ఇవాళ్టి బడిలోనే!

సిరిసిల్ల నుంచి మానేరు వంతెన దాటితే తంగళ్ళపల్లి. అక్కడ సాంచెల పని తెలిసినవాళ్లు ఎవరినడిగినా ఒక మాట చెబుతారు. బీము మీదికి ఎన్ని పోగులు ఎక్కితే గుడ్డ పన్నా అంతే! పడుగు ఒకసారి ఎక్కించాక పేకతో గుడ్డ పొడవు పెరుగుతుందే తప్ప వెడల్పు పెరగదు.

దేశాల చదువు లెక్క కూడా దాదాపు ఇలాంటిదే. నలభై ఏళ్ల తర్వాత వాన ఎంత పడుతుందో, బంగారం ధర ఎంత ఉంటుందో ఎవరూ చెప్పలేరు. కానీ అప్పటి పెద్దవాళ్లలో ఎంతమంది ఎంతవరకు చదువుకుని ఉంటారన్నది చాలావరకు ఇప్పుడే చెప్పొచ్చు. ఎలాగంటారా? ఇవాళ పాతికేళ్ల అమ్మాయి పదో తరగతితో ఆపేసిందనుకోండి. నలభై ఏళ్లకు ఆమెకు అరవై అయిదు వస్తాయి. చదువు మాత్రం సాధారణంగా ఆ పది దగ్గరే ఉంటుంది.

ఆస్ట్రియాలో వియన్నా దగ్గర లాక్సెన్‌బర్గ్‌లో ఉన్న ఐఐఏఎస్ఏ అనే పరిశోధన సంస్థలో వోల్ఫ్‌గాంగ్ లుట్జ్, సమీర్ కేసీ తదితరులు ఇదే సూత్రంతో లెక్కలు కట్టారు. 2014లో వచ్చిన వాళ్ల పుస్తకంలో 195 దేశాల అంచనాలున్నాయి. జనాన్ని వయసు, ఆడామగా, చదువు... ఇలా గళ్లుగా విడదీసి అయిదేసి ఏళ్లు ముందుకు జరుపుతారు. ఇప్పటి పెద్దల చదువు ఎలాగూ తెలుసు. తెలియనిదల్లా పిల్లల సంగతే. అందుకే ‘బడుల్లో చేరిక పెరిగితే ఇలా, ఇప్పటిలాగే ఉంటే అలా’ అంటూ ఒకటికి నాలుగు దారులు గీసి చూపిస్తారు. ఇది జోస్యం కాదు, ‘ఇలా చేస్తే ఇదీ ఫలితం’ అని చెప్పే లెక్క.

ఒకే గీత దగ్గర మొదలై...

భారత్, చైనాలనే తీసుకోండి. 1951 జనగణనలో మన అక్షరాస్యత 18.33 శాతం. 1949 నాటి చైనాలో నూటికి ఎనభై మందికి చదువు రాదని అంచనా. అంటే ఇద్దరూ ఇంచుమించు ఒకే గీత దగ్గర నిలబడ్డారు. మరి 2020 నాటి చైనా జనగణనలో చదువు రానివాళ్లు 2.67 శాతమే. మన 2011 జనగణనలో చదువు వచ్చినవాళ్లు నూటికి 73 మంది. ఇప్పటి తెలంగాణ ప్రాంతంలో ఆ ఏడాది అక్షరాస్యత 66.54 శాతం. ఆడవాళ్లలో అయితే 57.99 శాతమే.

తేడా ఎక్కడొచ్చింది? చైనా తొమ్మిదేళ్ల నిర్బంధ విద్య చట్టం 1986లో తెచ్చింది. మన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. చట్టం రాగానే ఏ దేశంలోనూ పిల్లలందరూ బడికి పోలేదు. అయినా ఆ 24 ఏళ్ల ఎడం చిన్నదేం కాదు. 1986లో మన దగ్గర బడిమెట్లు ఎక్కని ఆరేళ్ల పిల్లలు ఇప్పుడు నలభై అయిదు దాటారు. రేపట్నుంచి దేశంలో ప్రతి బిడ్డా డిగ్రీ దాకా చదివినా, ఆ తరం మాత్రం ఇంకో ముప్ఫై ఏళ్లపాటు అదే గడిలో కనిపిస్తుంది.

కాలేజీ చదువుల్లోనూ ఎడముంది. ఉన్నత విద్యలో చేరికలు చైనాలో 2023 నాటికి 60.2 శాతం. మనకు 2021-22లో 28.4. వాళ్లు 18-22 ఏళ్లవారిని, మనం 18-23 ఏళ్లవారిని లెక్కలోకి తీసుకుంటాం కాబట్టి కాస్త తేడా ఉన్నా, దూరం మాత్రం నిజమే. 2035 నాటికి 50 శాతానికి చేరాలన్నది 2020 జాతీయ విద్యా విధానం లక్ష్యం. మరి మనకు అనుకూలమైనది ఏదీ లేదా అంటే, ఉంది. ఐక్యరాజ్య సమితి అంచనా ప్రకారం 2023లో జనాభాలో చైనాను దాటేశాం. వాళ్లు ముసలివాళ్లవుతున్నారు. మన దగ్గర చిన్నపిల్లలు ఎక్కువ. ఇంకా బీము ఎక్కని పోగులు ఎక్కువగా మన దగ్గరే ఉన్నాయన్నమాట.

ఈ ఒక్క ఏడే కదా!

సాంచెల ఊళ్లలో మూడు తరాలున్న ఇల్లు ఊహించుకోండి. బీడీలు చుట్టిన నానమ్మ వేలిముద్ర వేస్తుంది. సాంచెలు నడిపే తండ్రి ఏడో తరగతితో ఆగాడు. మనవరాలు ఇంటర్ పాసైంది. గుడ్డకు గిరాకీ లేక సాంచెలు ఆగినప్పుడు ఆ ఇంట్లో వచ్చే మాట ఒకటే... ‘ఈ ఏడు ఆపుదాం బిడ్డా, వచ్చే ఏడు చూద్దాం.’ ఆ మాట అన్న తండ్రిని తప్పుపట్టలేం. కానీ వచ్చే ఏడు సంబంధం వస్తుంది, ఆ పైఏడు పెళ్లవుతుంది. ఆదా అయింది ఒక్క ఏడాది ఫీజు. నలభై ఏళ్ల పాటు ఆ అమ్మాయి లెక్క మాత్రం ‘ఇంటర్’ గడిలోనే ఉండిపోతుంది. చదువుకున్న తల్లి బిడ్డలు చదువుకునే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ ప్రభావం మరో తరం మీదా పడుతుంది.

అలాగని ఆగిపోయినవాళ్ల పని అయిపోయినట్టేనా? కాదు. పోగు తెగితే సాంచె ఆపి, ముడివేసి మళ్లీ నడిపిస్తారు కదా! పది, ఇంటర్ చదవడానికి ఓపెన్ స్కూల్ ఉంది. దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే పుట్టింది. ఇప్పుడది అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. ఇంటి పనులు చేసుకుంటూనే డిగ్రీ పూర్తి చేయొచ్చు. అయితే తెగిన పోగును ఎంత త్వరగా చూస్తే అంత మంచిది. గుడ్డ ముందుకు పోయాక అతకడం కష్టమని సాంచె దగ్గర నిలబడ్డవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.