పాత పేరు తగిలించకండి
గచ్చిబౌలికి ఊళ్ల నుంచి వచ్చి కొలువుల్లో చేరే పిల్లల్ని బెదరగొట్టే లినక్స్ ఎర్రర్ లైను ఒకటుంది: ‘కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్’. ప్రోగ్రాం ఉంది, అది ఆధారపడ్డ ఉమ్మడి లైబ్రరీ మాత్రం లోడర్‌కు దొరకలేదు, అంతే. 2022లో ఉబుంటు 22.04 ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ 3వ వెర్షన్‌తో వచ్చినప్పుడు, పాత 1.1 వెర్షన్‌ను నమ్ముకున్న ప్రోగ్రాములెన్నో ఇలాగే మొరాయించాయి. ఇలాంటప్పుడు చాలామంది కొత్త ఫైలుకు పాత పేరుతో లింకు పెట్టేస్తారు. ఈ పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. లైబ్రరీ ఫైలు పేరు చివరి అంకె ఊరికే లేదు. లోపలి ఫంక్షన్ల ఒప్పందం మారిందని అది చెబుతోంది. పేరు తగిలిస్తే ఒప్పందం తిరిగిరాదు, మరో ఎర్రర్ వస్తుంది, లేదా ఎప్పుడో అర్ధరాత్రి సర్వర్ కూలుతుంది. ముందు ఎల్‌డీడీ కమాండ్‌తో ఏది దొరకలేదో చూడండి (నమ్మకం లేని ఫైలు మీద వద్దు, అందులోని కోడ్ నడిచే ప్రమాదముంది). లైబ్రరీ డిస్కులోనే ఉంటే, దాని ఫోల్డరును లోడర్ కాన్ఫిగ్ ఫైల్లో రాసి రూట్‌గా ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే సరిపోతుంది. లేకపోతే సరైన ప్యాకేజీ పెట్టాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కు మామూలు సపోర్టు 2023 సెప్టెంబరులోనే ముగిసింది కాబట్టి, సోర్సు చేతిలో ఉన్నవాళ్లు కొత్త లైబ్రరీకి మార్చుకుని మళ్లీ బిల్డ్ చేయాలి. ఇదంతా ఉద్యోగంలో చేరాక కాదు, మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లోనే ఒక పూట కూర్చోబెట్టి చేయించాలి. లైబ్రరీని తీసేసి, ఎర్రర్ తెప్పించి, పిల్లల చేతే సరిచేయించాలి.