జాతి యెవరి సొత్తు?

తన దేశపువాడొకడు పరదేశమున గెలిచినపుడు సంతోషింపనివారుండరు. ఆ సంతోషము మంచిదే. కాని దాని వెనుక ఒక ప్రశ్న దాగియున్నది. తన దేశపువాడనగా ఎవడు? ఈ ప్రశ్నపై ఇటీవల ఐర్లండు దేశమున పెద్ద వివాదము చెలరేగినది. దానికి కేంద్రమైనవాడు పండితుడు కాడు, రాజకీయవేత్తయు కాడు, ఒక యోధుడు.

అతని పేరు కానర్ మెక్‌గ్రెగర్. 1988లో డబ్లిన్ నగరమున జన్మించి, క్రమ్లిన్ అను పేటలో పెరిగెను. కొంతకాలము ప్లంబరు పని నేర్చుకొనెను. పిదప మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అను పోరాటవిద్యలో ప్రవేశించెను. ఎనిమిది మూలల పంజరములో ఇద్దరు యోధులు తలపడు క్రీడ ఇది. 2015 డిసెంబరు 12న అతడు బ్రెజిల్ దేశపు జోసే ఆల్డోను కేవలము 13 సెకండ్లలో పడగొట్టెను. 2016 నవంబరు 12న న్యూయార్కులో ఎడ్డీ అల్వారెజ్‌ను ఓడించి, యు.ఎఫ్.సి. పోటీలలో రెండు బరువు తరగతుల విజేత పట్టములను ఏకకాలమున పొందిన మొదటి యోధుడయ్యెను. ఆకుపచ్చ, తెలుపు, నారింజ రంగుల ఐరిష్ జెండాను భుజములపై కప్పుకొనుట అతని అలవాటు. వేలకొలది ఐరిష్ ప్రజలు సముద్రము దాటి అతని పోటీలను చూడబోయిరి.

అర్ధకోటికి మించిన జనసంఖ్య గల చిన్న దేశమది. వందల యేండ్లు ఆంగ్లేయుల పాలనలో నలిగిన దేశము. అట్టి దేశపు బిడ్డడు లోకమెల్ల చూచుచుండగా గెలిచినపుడు జనులు ఉప్పొంగిరనిన తప్పుపట్టరాదు.

కాని ఆ విద్యను ఒకసారి పరిశీలింపుడు. పిడికిలి పోరునకు నేటి నియమములు ఇంగ్లండులో ఏర్పడినవి. జుజుత్సు జపానులో పుట్టి బ్రెజిలులో కొత్త రూపము దాల్చినది. మోకాలితోను మోచేతితోను కొట్టు నేర్పు థాయిలాండు ప్రజలది. కుస్తీ ఏ ఒక్కరిదియు కాదు. ఇన్ని దేశముల విద్యలు కలిసినందుననే దానికి ‘మిక్స్‌డ్’ అను పేరు వచ్చినది. ఇన్ని జాతులకు ఋణపడి గెలిచిన విజయముపై చివరకు ఒక్క జెండా కప్పబడుచున్నది. జెండా కప్పుట తప్పు కాదు. ఋణమును మరచుటయే తప్పు.

ఇక ఐరిష్ వాడెవడను ప్రశ్నకు వత్తము. రక్తమును బట్టి నిర్ణయింపవలెనందురు కొందరు. 1845లో బంగాళాదుంప పైరునకు తెగులు సోకి ఆ దేశమున ఘోరమైన కరవు వచ్చినది. సుమారు పది లక్షలమంది మరణించిరి. అంతకు తక్కువకాని జనము ఓడలెక్కి వలసపోయిరి. నేడు అమెరికాలో మూడు కోట్లకు పైగా జనులు తమ పూర్వులు ఐరిష్ వారని చెప్పుకొందురు. ఫిలడెల్ఫియాకు చెందిన పాల్ ఫెల్డర్ అను యోధుడు ‘ఐరిష్ డ్రాగన్’ అను బిరుదుతో పోరాడెను. తాతగాని అవ్వగాని ఐర్లండులో జన్మించియున్నచో మనుమడు పౌరసత్వము పొందుటకు ఆ దేశపు చట్టము అవకాశమిచ్చుచున్నది.

పుట్టిన నేలయే ప్రమాణమందురు మరికొందరు. డానిగాల్‌లో పుట్టి వేల్సులో పెరిగిన జోసెఫ్ డఫీ ఐరిష్ యోధుడుగనే ప్రసిద్ధుడు. 2010లో మెక్‌గ్రెగర్‌ను ఓడించినవాడితడు. కాని స్వతంత్ర ఐర్లండు నిర్మాతలలో అగ్రగణ్యుడైన డి వాలెరా ఎక్కడ పుట్టెను? 1882లో న్యూయార్కు నగరమున! పుట్టిన నేలయే ప్రమాణమైనచో ఆయన పరదేశి కావలసివచ్చును. ఉత్తర ఐర్లండు సంగతి మరియు చిక్కైనది. అచ్చటివారు తమ్ము ఐరిష్ వారుగగాని, బ్రిటిష్ వారుగగాని, లేదా రెండు విధములగగాని భావించుకొనవచ్చునని 1998 నాటి శాంతి ఒప్పందము అంగీకరించినది. ముప్పదియేండ్ల రక్తపాతము తరువాత నేర్చిన పాఠమది.

కావున రక్తము చాలదు, నేలయు చాలదు. ఇది కేవలము తర్కము కాదు. ప్రశ్నకు తొందరపాటు సమాధానమిచ్చినచో ఏమగునో 2023 నవంబరు 23న డబ్లిన్ నగరము చూచినది. ఆనాడు ఒక పాఠశాల వెలుపల పసిపిల్లలపై కత్తితో దాడి జరిగినది. దాడి చేసినవాడు పరదేశమునుండి వచ్చినవాడను వార్త వ్యాపించెను. ఆ సాయంకాలము అల్లరిమూకలు వీధులలో పడి బస్సులను, ట్రాము బండిని తగులబెట్టినవి, అంగళ్లను దోచినవి, వలసవచ్చినవారిపై కేకలు వేసినవి. అయితే, పిల్లలపై కత్తి ఎత్తినవానిని అడ్డుకొన్నవారిలో ఒకరెవరు? మోటారుసైకిలుపై ఇంటింటికి ఆహారము చేర్చి బ్రతుకు బ్రెజిల్ దేశీయుడు! బండి దిగి, తన తలపైని హెల్మెట్‌తో దుండగుని కొట్టి పడవేసెను. ఆనాడు ఐర్లండు బిడ్డలకు బంధువెవడు? జెండా పట్టి బస్సు తగులబెట్టినవాడా, జెండా లేక బిడ్డలను కాపాడినవాడా?

2025 మార్చి 17న, సెయింట్ పాట్రిక్ పర్వదినమున, మెక్‌గ్రెగర్ అమెరికా అధ్యక్షభవనమునకు వెళ్లి, వలసలవలన తన దేశము తన స్వభావమునే కోల్పోవుచున్నదని పలికెను. ఆ మాటలు తప్పనియు, ఐరిష్ ప్రజల అభిప్రాయములు కావనియు ప్రధానమంత్రి మీహాల్ మార్టిన్ వెంటనే ఖండించెను. పిదప ఆ యోధుడు దేశాధ్యక్ష పదవికి పోటీచేయ సంకల్పించెను. దానికి పార్లమెంటు సభ్యులు ఇరువదిమందిగాని, నాలుగు స్థానిక సభలుగాని పేరు ప్రతిపాదింపవలెను. 2025 సెప్టెంబరులో అతడు ఆ ప్రయత్నమును విరమించెను.

ఎదుటివాదమును కూడ న్యాయముగ వినవలెను. 2022 నాటి లెక్కల ప్రకారము ఆ దేశ నివాసులలో ఐదుగురికి ఒకరు వెలుపల పుట్టినవారు. ఇండ్లు చాలక అద్దెలు పెరిగి జనులు ఇబ్బంది పడుచుండుట నిజము. వలసల గురించి చర్చించు హక్కు ప్రతి పౌరునకు కలదు; మెక్‌గ్రెగర్‌కును కలదు. కాని ఒక పౌరుడుగ మాట్లాడుట వేరు, జాతి యంతయు తానేయని మాట్లాడుట వేరు. పంజరములో గెలిచినవానికి పట్టము దక్కును. ఎవరు మనవారో, ఎవరు కారో తీర్పు చెప్పు అధికారము దక్కదు.

ఇదే ఐర్లండులో మరియొక యోధుడుండెను. అతడు సరిహద్దు పట్టణమైన క్లోన్స్‌కు చెందిన బారీ మెక్‌గీగన్. అతడు బాక్సింగు వీరుడు. 1985లో ప్రపంచ విజేత అయ్యెను. అవి ఉత్తర ఐర్లండులో కాథలిక్కులును ప్రొటెస్టంటులును ఒకరినొకరు చంపుకొనుచున్న రోజులు. అతడు ఏ పక్షపు జెండాయు పట్టక, శాంతిపావురమును చిహ్నముగ ధరించెను. పోటీకి ముందు జాతీయగీతమునకు మారుగ అతని తండ్రి అందరికిని ప్రియమైన ఒక జానపదపు పాటను పాడెను. ఇరుపక్షములవారును ప్రక్కప్రక్కన నిలిచి ఆ పాటలో గొంతు కలిపిరి. ఐరిష్ జెండాలోని ఆకుపచ్చ కాథలిక్కులకు, నారింజ ప్రొటెస్టంటులకు, నడిమి తెలుపు వారి మధ్య శాంతికి గుర్తులు. జెండా పట్టకయే ఆ తెలుపునకు అర్థము చెప్పినవాడు మెక్‌గీగన్.

ఆ ద్వీపమున పుట్టిన యొకామెకు మన తెలుగునేలయు ఋణపడియున్నది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెలో బస చేసినపుడు ‘జనగణమన’ గీతమునకు స్వరలిపి కూర్చినది మార్గరెట్ కజిన్స్ అను ఐరిష్ వనిత. మన జాతీయగీతము పాడునపుడు ఆమె రక్తమేదియని మనమడుగుచున్నామా?

విద్యార్థులారా! పూర్వులనుండి మనకు సంక్రమించిన భాష, పాట, కీర్తి మనము సంపాదించినవి కావు. అవి ఆస్తి కాదు, అప్పు. ఆస్తియనుకొన్నవాడు చుట్టును గోడ కట్టును. అప్పు అనుకొన్నవాడు దానిని తీర్చుటకు పాటుపడును. జాతి యెవరి సొత్తని అడుగుటకంటె, జాతికి నేనేమి బాకీ యున్నానని ప్రతివాడును తన్ను తాను ప్రశ్నించుకొనుట మేలు.