చెల్లని చెక్కు – రైతు పోగొట్టుకొను ముప్పది దినములు

చెన్నూరు ప్రాంతమున పత్తి ఏరుట ముగియునాటికి రైతునకు సొమ్ము పలు దారుల వచ్చును. భారత పత్తి సంస్థకు అమ్మినచో ఖాతాలో జమయగును. ఇంటి ముంగిట కాంటా పెట్టిన దళారికి అమ్మినచో కొంత రొక్కము, కొంత మాట. మరికొందరు వ్యాపారులు చెక్కు వ్రాసి యిత్తురు. సంతకమున్న బ్యాంకు కాగితము గదా యని రైతు దానిని రొక్కముతో సమానముగా నమ్మి పెట్టెలో దాచును.

తీరా బ్యాంకులో వేసినపుడు “నిధులు చాలవు” అను చీటీతో అది తిరిగి వచ్చును. రైతు ఆ చీటీ పట్టుకొని సేటు కడకు పోవును. సేటు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, “జర ఆగు పటేలా, మిల్లు పైసలు రాంగనే ముందుగాల నీకే” అనును. పది దినములు ఇరువది యగును. నడుమ పండుగ వచ్చును, పెండ్లి వచ్చును. రైతు పెద్దమనిషి తరహాగా ఓపిక పట్టును. చట్టము అతనికిచ్చిన ముప్పది దినములు ఆ చాయ్‌తోనే గడచిపోవును. మన రైతులు చెల్లని చెక్కు విషయమున నష్టపడుటకు చట్టము లేకపోవుట కారణము కాదనియు, దినములు లెక్కింపకపోవుటయే కారణమనియు నా అభిప్రాయము.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టమును 1988లో సవరించి, 1989 ఏప్రిల్ 1 నుండి 138వ సెక్షనును అమలునకు తెచ్చిరి. బాకీ తీర్చుటకిచ్చిన చెక్కు చెల్లనిచో రెండేండ్లవరకు ఖైదు గాని, చెక్కు మొత్తమునకు రెట్టింపువరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఖాతా మూసివేసినను, చెల్లింపు ఆపుమని బ్యాంకునకు వ్రాసినను తప్పించుకొనుటకు వీలులేదని సుప్రీంకోర్టు తీర్పులు కలవు. అయితే గడువులు కఠినమైనవి. ఒక ఉదాహరణము చూతము.

చెక్కుపై జనవరి 10 తేదీ యున్నదనుకొందము. 2012 ఏప్రిల్ నుండి చెక్కునకు మూడు నెలలే ఆయుర్దాయము. ఆలోపల బ్యాంకులో వేయవలెను. జనవరి 22న చెక్కు తిరిగివచ్చినట్లు చీటీ అందినచో, ఫిబ్రవరి 21 లోపల వ్యాపారికి వ్రాతమూలకముగా నోటీసు పంపవలెను. అది అతనికి ఫిబ్రవరి 3న అందినచో, చెల్లించుటకు ఫిబ్రవరి 18 వరకు, అనగా పదునైదు దినములు, గడువుండును. అప్పటికిని ఇయ్యనిచో మార్చి 18 లోపల మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయవలెను. ఆ పదునైదు దినములు నిండకముందే తొందరపడి వేసిన ఫిర్యాదు చెల్లదు. ఫిర్యాదు ఆలస్యమైనచో తగిన కారణము చూపి కోర్టు మన్నన పొందవచ్చును గాని, నోటీసు ఆలస్యమునకు అట్టి మన్నన లేదు. కనుకనే ఆ ముప్పది దినములు అంత ముఖ్యము.

నోటీసులో చెక్కు నంబరు, తేదీ, బ్యాంకు తిప్పిపంపిన కారణము వ్రాసి, చెక్కుపై నున్న మొత్తమునే అడుగవలెను. వడ్డీ, బండి కిరాయి కలిపి వేరొక అంకె అడిగినచో నోటీసు చెల్లకపోవచ్చును. రిజిస్టరు పోస్టులో సరియైన చిరునామాకు పంపి రసీదు దాచుకొనవలెను. సేటు తీసికొననని తిప్పిపంపినను అది అందినట్లే ఎంచబడును.

“నోటీసిచ్చిన వెనుక రేపు ఆ సేటు కడకే విత్తనములకు, ఎరువులకు పోవలెను గదా” అని రైతులు అడుగుదురు. ఈ మాటలో నిజము లేకపోలేదు. కాని నోటీసు ఫిర్యాదు కాదు. పదునైదు దినములలో సొమ్మిచ్చినచో కేసే లేదు. పెద్దమనుషుల యెదుట కూర్చుండి మాట్లాడుటకు నేను విరోధిని కాను; నోటీసు పోస్టులో వేసిన పిమ్మట కూర్చుండుడని మాత్రమే చెప్పుచున్నాను. గ్రామాధికారులు, పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు తమ కడకు వచ్చిన రైతును మొట్టమొదట చీటీ తేదీ అడిగినచో పెద్ద మేలు చేసినవారగుదురు.

చాలమంది ముందుగా ఠాణాకు పోవుదురు. 138వ సెక్షను కేసు పోలీసులు నడుపునది కాదు. చెక్కు పొందినవాడు స్వయముగా మేజిస్ట్రేటునకు వ్రాసియిచ్చుకొనునది. మొదటినుండియు మోసగించు తలంపుతోనే చెక్కిచ్చెనని ఆధారమున్నచో మోసము క్రింద పోలీసు కేసు వేరుగా పెట్టవచ్చును. 2015 సవరణ తరువాత రైతు తన ఖాతాలో వేసిన చెక్కునకు, ఆ ఖాతా యున్న శాఖ ఏ కోర్టు పరిధిలోనిదో అక్కడనే ఫిర్యాదు వేయవచ్చును. వ్యాపారి ఖాతా ఏ దూరపు పట్టణమున నున్నను చెన్నూరు రైతు అచటికి తిరుగనక్కరలేదు.

నోటీసు గడువు దాటినచో? చెక్కునకు మూడు నెలలు నిండకున్నచో మరల బ్యాంకులో వేయవచ్చును. రెండవసారి తిరిగివచ్చిన దినమునుండి మరల ముప్పది దినములు లభించునని సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పెను. అదియు దాటినచో సివిలు దావా మిగులును. అమ్మిన సరుకు బాకీకి మూడేండ్ల గడువు కలదు. తూకపు చీటీ, తక్‌పట్టీ అపుడు పనికివచ్చును. వాటిని పొయ్యిలో వేయరాదు.

కోర్టుకు పోయినంతనే సొమ్ము చేతికి వచ్చునని నేను చెప్పను. 2019 చివరకు దేశమందు ఇట్టి చెక్కు కేసులు 35 లక్షలకు పైగా పెండింగులో నుండెను. 2018 సవరణ ప్రకారము విచారణ నడుచుచుండగనే చెక్కు మొత్తములో ఐదవవంతువరకు తాత్కాలిక పరిహారమిమ్మని కోర్టు ఆదేశింపవచ్చును. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినచో ఆ అవార్డు సివిలు డిక్రీవలె అమలగును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఉచిత న్యాయసహాయము కలదు.

చివరగా మరియొక సంగతి. ఎరువుల అప్పునకు పూచీగా సంతకముచేసిన ఖాళీ చెక్కు నిచ్చు అలవాటు కొందరు రైతులలో గలదు. ఈ చట్టమే అపుడు రైతుపైకి తిరుగును. ఖాళీ చెక్కయినను సంతకము తనదైనపుడు బాకీ యున్నట్లే కోర్టు మొదట భావించునని 2019లో సుప్రీంకోర్టు చెప్పెను. ఇయ్యక తప్పనిచో చెక్కు నంబరు వ్రాయించి రసీదు పుచ్చుకొనుడు. అప్పు తీర్చిన దినముననే, దుకాణము మెట్లు దిగకముందే, ఆ చెక్కు తిరిగి అడిగి తీసికొనుడు.