యూరియా కూడా 'ఆర్గానిక్కే'! మరి మన బోర్డు మీద ఏం రాద్దాం?



మొన్న ఆదివారం సంతలో మా స్టాల్ దగ్గర ఒక కాలేజీ అమ్మాయి ఆగింది. బోర్డు మీద "కెమికల్స్ లేని ఆర్గానిక్ కూరగాయలు" అని చదివి, "అన్నా, కెమిస్ట్రీలో యూరియా కూడా ఆర్గానిక్కే కదా?" అంది. "కాదమ్మా" అనబోయి ఆగిపోయాను. డిప్లొమాలో నేనూ చదువుకున్నదే. ఆ అమ్మాయి చెప్పింది నిజం.

కెమిస్ట్రీలో ఆర్గానిక్ అంటే కర్బన సమ్మేళనం. సున్నపురాయి, కార్బన్ డయాక్సైడ్ లాంటి కొన్నిటిని మాత్రం కర్బనం ఉన్నా అకర్బనాల్లోనే లెక్కేస్తారు. ఒకప్పుడు ఇలాంటి కర్బన పదార్థాలు ప్రాణుల ఒంట్లోనే తయారవుతాయని నమ్మేవాళ్లు. 1828లో జర్మనీకి చెందిన వోలర్ యూరియాను ల్యాబ్‌లో తయారుచేసి చూపించాడు. ఆవు మూత్రంలో ఉన్న యూరియా, బస్తాలో ఉన్న యూరియా అణువుగా ఒక్కటే.

ఈ లెక్కన చూడండి. మోనోక్రోటోఫాస్, గ్లైఫోసేట్ కర్బన సమ్మేళనాలే. మన వేపగింజల్లో ఉండే అజాడిరాక్టిన్ కూడా అదే. అగ్నాస్త్రంలో వేసే పొగాకులోని నికోటిన్ మొక్క నుంచి వచ్చిందే, కర్బన సమ్మేళనమే, కానీ మనిషికి విషం. ఇటు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం అకర్బనం. అయినా సేంద్రియ ధ్రువీకరణలో దాన్ని పరిమితులతో వాడనిస్తారు.

అంతెందుకు, మొక్క వేరు నత్రజనిని ఎక్కువగా తీసుకునేది నైట్రేట్, అమ్మోనియం రూపాల్లోనే. రెండూ అకర్బనాలే. పెంట ఎరువు వేసినా సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి ఆ రూపంలోకి తెస్తేనే పైరుకు అందేది.

మరి తేడా ఏముంది అంటారా? తేడా అణువులో లేదు, అది వచ్చిన దారిలో ఉంది. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. అది కొద్ది రోజుల్లోనే కరిగి మారిపోతుంది. కొంత పైరుకు అందుతుంది, కొంత గాలిలో, నీళ్లలో పోతుంది. పెంట ఎరువు, పచ్చిరొట్ట నిదానంగా చివుకుతూ పైరుతో పాటు నేలలోని జీవాలకు కూడా తిండి పెడతాయి. భూసార పరీక్ష కాగితంలో "సేంద్రియ కర్బనం" అనే గడి చూడండి. మన కష్టం ఏళ్ల మీద కనిపించేది అక్కడే.

తెలుగులో మనకు రెండు మాటలు ఉన్నాయి: కెమిస్ట్రీకి కర్బన రసాయన శాస్త్రం, సాగుకు సేంద్రియ వ్యవసాయం. ఇంగ్లీషు "ఆర్గానిక్" రెండిటినీ ఒకే గంపలో వేసింది. ఆ గందరగోళంలో వ్యాపారం చేసుకునేవాళ్లు ఉన్నారు.

నేనూ దెబ్బతిన్నాను. రెండేళ్ల కిందట మిర్చిలో తామర పురుగు పడితే, "100 శాతం ఆర్గానిక్" అన్న డబ్బా తెచ్చి కొట్టాను. రెండు రోజుల్లో పురుగు మాయం. సంబరపడ్డాను. కొనే వ్యాపారి శాంపిల్ టెస్ట్ చేయిస్తే పురుగుమందు అవశేషం తేలింది, సరుకు వెనక్కి వచ్చింది. ఇంటికొచ్చి డబ్బా తిప్పి చూస్తే అందులో ఏముందో రాయలేదు, రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. తప్పు అమ్మినవాడిదే. కానీ చదవకుండా కొట్టింది నేనే కదా!

అందుకే నా మాట ఇది. "కెమికల్స్ లేవు" అనడం మానేద్దాం. నీళ్లూ కెమికలే. చదువుకున్న కస్టమర్ ఒక్క ప్రశ్న వేస్తే మన నోరు పడిపోతుంది, నిజంగా పడ్డ కష్టం మీద కూడా నమ్మకం పోతుంది. ఏం వేశామో, ఎక్కడ నుంచి తెచ్చామో, ఎప్పుడు వేశామో చెబుదాం. డబ్బా కొనేముందు "ఆర్గానిక్కేనా?" అని అడగొద్దు. "ఇందులో ఏముంది?" అని అడగండి. చెప్పలేకపోతే అక్కడే వదిలేయండి.

మా బోర్డు మార్చేశాను. ఇప్పుడు దాని మీద ఇలా ఉంది: "ఈ వంకాయ తోటకు వేసినవి: పశువుల ఎరువు, జీవామృతం, వేప కషాయం. యూరియా వేయలేదు, పురుగుమందు కొట్టలేదు." చదవడానికి కాస్త పొడుగే. కానీ ఎవరు ఏం అడిగినా తడబడకుండా జవాబు చెప్పగలను.

వీడియోలో ఆ బోర్డు చూపించాను. మీ బోర్డు మీద ఏం రాస్తారో కింద చెప్పండి.