ఉత్తరములు ఎవరి సొత్తు?

నేడు కార్యాలయమనగా కంప్యూటరు తెఱయే. దస్త్రములు, దినచర్యలు, ఉత్తరప్రత్యుత్తరములు అన్నియు క్లౌడు అను పేర నెక్కడనో యున్న యంత్రములలో నిలువయగుచున్నవి. ఈ వ్యాపారమున రెండు అమెరికను కంపెనీలు అగ్రస్థానమున నున్నవి. గూగులు కంపెనీ 2006 లో ప్రారంభించిన సేవ పేరులు మార్చుకొని 2020 నుండి గూగుల్ వర్క్‌స్పేస్ అయినది. మైక్రోసాఫ్టువారు 2011 లో ఆఫీస్ 365 అను పేర నారంభించినది నేడు మైక్రోసాఫ్ట్ 365 అని పిలువబడుచున్నది. కళాశాల యొకదానిని, దాని యాజమాన్యము వేఱొకదానిని ఆశ్రయించుట, ఒక కంపెనీ మఱియొకదానిని కొనినప్పుడు ఇరువురి మెయిళ్లును ఇరుచోట్ల నుండుట, ధర పెరిగినదని ఒకచోటు విడిచి వేఱొకచోటికి పోదలచుట, ఇవి నిత్యానుభవములు. అప్పుడు పుట్టు ప్రశ్న యొక్కటే. ఇచటి యుత్తరములు అచటికి చెక్కుచెదరక పోవునా? రెండుచోట్ల నున్న పెట్టెలు కొంతకాలమైనను ఒక్కమాటమీద నుండునా?

ఇది యంత్రజ్ఞుల గొడవయని తోసివేయుట తగదు. ఉద్యోగి పింఛను ఉత్తరువు, విద్యార్థి ప్రవేశపత్రము, సహకార సంఘము బ్యాంకుతో జరిపిన లావాదేవీ, అన్నియు నేడు మెయిలుపెట్టెలలోనే యున్నవి. ఉత్తరము పోయినవానికి సాక్ష్యము పోయినట్లే. 2022 లో గూగులువారు విద్యాసంస్థల కంతవఱకు నిచ్చిన హద్దులేని నిలువ సౌకర్యమును తీసివేసి, సంస్థ కంతటికిని కలిపి 100 టెరాబైట్లను మూలపరిమితిగా నిర్ణయించిరి. ఉచితముగా వచ్చిన యిల్లు శాశ్వతము గాదని అప్పు డెందఱో గ్రహించిరి.

ఇందొక విచిత్రమును పాఠకులు గమనింతురుగాక. గూగులు చిరునామా నుండి మైక్రోసాఫ్టు చిరునామాకు ఉత్తరము పంపుటలో నెట్టి చిక్కును లేదు. అందులకు కారణము మెయిలు రవాణా నియమములు ఏ కంపెనీ సొత్తును గాకపోవుటయే. ఎస్ఎమ్‌టీపీ అను ఆ నియమావళిని 1982 లో జాన్ పోస్టెల్ పండితుడు లోకమునకు ప్రకటించెను. పెట్టెను దూరమునుండి తెఱచి చదువుటకైన ఐమాప్ పద్ధతిని 1986 లో మార్క్ క్రిస్పిన్ రూపొందించెను. ఉత్తరము దారిలో నున్నంతవఱకు స్వతంత్రము. పెట్టెలో పడినంతనే దానికి కాపలా, కట్టడి, దేశాచారము మొదలగును.

పూర్వపు గ్రామములలో నొకదానికి ఇరువురు కరణములను నియమించి, ఇరువురును వేఱువేఱు లెక్కలు వ్రాసి, ప్రతి సాయంకాలము రెండు లెక్కలును సరిపోవలెననిన నెంత ప్రయాసమో ఆలోచింపుడు. మెయిలుపెట్టెల సమన్వయమును అట్టిదే. ఇచట చదివినది అచటను చదివినట్లు కనబడవలెను. ఇచట తీసివేసినది అచటను పోవలెను. అచట క్రొత్తగా వచ్చినది ఇచటికి రావలెను. ఒక యుత్తరము మొదటి పెట్టెలో నుండి రెండవదానిలో లేదనుకొందము. అది మొదటిదానిలోనికి క్రొత్తగా వచ్చినదా? లేక రెండవదానినుండి యెవరైన తీసివేసినదా? పెట్టెలను మాత్రము చూచి చెప్పుట యసాధ్యము. క్రిందటిసారి సరిచూచిననాటి స్థితిని వేఱొక పుస్తకమున వ్రాసియుంచినగాని తేలదు. ఆ పుస్తకము లేని సాధనము చచ్చిన యుత్తరములను బ్రతికించును, లేదా బ్రతికియున్నవానిని చంపును. ఉత్తరము తలకట్టున మెసేజ్-ఐడీ అను గుర్తు సాధారణముగా నుండును. దానినిబట్టి రెండు ప్రతులును ఒక్కటేయని గుర్తింపవచ్చును. ఐమాప్ ఇచ్చు వరుససంఖ్య మాత్రము ఆ ఫోల్డరునకే చెల్లును. ఇల్లు మారిన పిమ్మట పాత యింటినంబరు పనికిరానట్లే, పెట్టె మారినచో అదియు పనికిరాదు.

దీనికి తోడు రెండు కంపెనీల యాచారములును వేఱు. మైక్రోసాఫ్టు పద్ధతిలో ఉత్తరము ఒక ఫోల్డరులో నుండును. గూగులు పద్ధతిలో ఉత్తర మొక్కటే, దానికి లేబుళ్లు ఎన్నియైన నంటింపవచ్చును. ఐమాప్ మార్గమున చూచినచో ప్రతి లేబులును ఒక ఫోల్డరుగా కనబడును. ‘ఆల్ మెయిల్’ అను దానిలో అన్నియు మరల కనబడును. మూడు లేబుళ్లుగల యుత్తరమును వివేకములేని సాధనముతో నకలు తీసినచో నాలుగు ఉత్తరములగును. ఇంతకును ఐమాప్ ఉత్తరములకే గాని క్యాలెండరునకును, పరిచయస్థుల చిరునామాలకును వర్తింపదు. వానికి వేఱు దారులు వెదకవలెను.

తెలుగువారికి మఱియొక చిక్కు కలదు. 2003 నాటి ఐమాప్ నియమముల ప్రకారము ఇంగ్లీషేతర లిపులలోని ఫోల్డరు పేరులను సవరించిన యూటీఎఫ్-7 అను సంకేతమునకు మార్చి పంపవలసియుండెను. 2021 లో వచ్చిన నియమములు యూటీఎఫ్-8 ను అంగీకరించి ఈ యిబ్బందిని తొలగించినవి గాని, పాతపద్ధతి ఇంకను వాడుకలో నున్నది. సాధనము ఈ మార్పిడి సరిగా చేయనిచో ‘రైతు అర్జీలు’ అను ఫోల్డరు అర్థముకాని అక్షరముల కుప్పయై తేలును. కావున పని అప్పగింపకముందే తెలుగు పేరుగల ఫోల్డరు నొకదానిని పంపి పరీక్షించుట మంచిది.

ఇక క్రొత్తగా వచ్చు నుత్తరముల మాట. ఒక సంస్థ చిరునామాకు వచ్చు మెయిలు ఎచట చేరవలెనో డొమైను పట్టికలోని ఎమ్ఎక్స్ నమోదు చెప్పును. అందు పలుచోట్లు వ్రాయవచ్చును గాని, ఉద్యోగి కొక చోటు చొప్పున పంచుటకు వీలులేదు. కావున ఒకరు తీసికొని రెండవవారికి అందింపవలెను. అట్లందించునప్పుడు, పంపినవాని సర్వరును తనిఖీచేయు ఎస్‌పీఎఫ్ పరీక్షలో నిజమైన యుత్తరమే దొంగయుత్తరమని తేలవచ్చును. ఇరువురును ఒకరికొకరు అందించుకొనినచో ఉత్తరము గానుగెద్దువలె తిరుగుచుండును. వేగమునకును కట్టడి కలదు. గూగులువారు ప్రకటించిన పరిమితులలో ఐమాప్ మార్గమున ఒక పెట్టెనుండి దినమునకు 2,500 మెగాబైట్లు వెలికి తీయవచ్చును, 500 మాత్రమే లోనికి వేయవచ్చును. 30 గిగాబైట్ల పెట్టె వెలికి వచ్చుటకు సుమారు 12 దినములు, ఆ మార్గముననే లోనికి పోవుటకు సుమారు 60 దినములు పట్టును. వేఱు మార్గములును గలవు గాని, ఒక్కరాత్రిలో కాపురము మార్చవచ్చునని చెప్పు వర్తకుని మాట నమ్మరాదని ఈ యంకెలే చెప్పుచున్నవి.

ఇంత శ్రమ యెందులకు, ఉన్నచోటనే యుండరాదా యని కొందఱనవచ్చును. వారు 2025 జూలైలో జరిగిన దానిని జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. గుజరాతులోని వాడినారున చమురుశుద్ధి కర్మాగారము నడుపు నయారా ఎనర్జీ యను భారతీయ కంపెనీలో రష్యాకు చెందిన రాస్‌నెఫ్ట్‌నకు దాదాపు సగము వాటా కలదు. ఐరోపా సమాఖ్య ఆ నెల 18వ తేదిన దానిపై ఆంక్షలు విధించెను. పిమ్మట మైక్రోసాఫ్టువారు ఆ కంపెనీకి సేవలు నిలిపిరి. కంపెనీ ఢిల్లీ హైకోర్టు నాశ్రయింపగా కొలదిదినములలో సేవలు పునరుద్ధరింపబడినవి. ఆంక్ష ఐరోపాది, కంపెనీ అమెరికాది, తన యుత్తరము తాను చదువలేకపోయినవాడు భారతదేశపు గుమాస్తా! ఆంక్షలు న్యాయమా, అన్యాయమా యను చర్చ వేఱు. సొమ్ము చెల్లించి తీసికొన్న పెట్టెకు తాళపుచెవి మన చేతిలో లేదని మాత్రము తేటపడినది. ఆనాడు ఉత్తరముల నకలు వేఱొకచోట సిద్ధముగా నున్నచో ఎంత ధైర్యము!

కేంద్రప్రభుత్వము తన యుద్యోగుల మెయిలును జోహో యను భారతీయ కంపెనీకి అప్పగించినది. 2023 లో ఏడేండ్లకు ఒప్పందమైనది. సుమారు 12 లక్షల ఉద్యోగుల పెట్టెలు మారినవని 2025 అక్టోబరులో పత్రికలు ప్రకటించినవి. చిరునామాలు మాత్రము పూర్వమువలెనే ప్రభుత్వ డొమైనులలో నున్నవి. డొమైను పేరు మనదైనచో కాపురమును ఎచటికైన మార్చవచ్చునని యిందు నేర్వదగినది. ఈ మార్పును మేము హర్షింతుము. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. సంకెల స్వదేశమున పోతపోసినదైనను సంకెలయే. ఏడేండ్ల పిమ్మట మఱియొక కంపెనీకి పోవలసివచ్చినచో ఆ ద్వారము నేడే తెఱచియుండవలెను. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రము 2025 అక్టోబరునాటికి 40 వేలకు పైబడిన పెట్టెలను, పదికోట్లకు మించిన మెయిళ్లను, క్యాలెండరు నమోదులను మైక్రోసాఫ్టు ఎక్స్ఛేంజినుండి ఓపెన్-ఎక్స్ఛేంజికి మార్చి ముగించినది. సంకల్పమున్నచోట ఇది యసాధ్యము గాదు.

చట్టము మాటయేమి? మన దేశమున టెలిఫోను నంబరు మార్చకయే కంపెనీని మార్చు హక్కు 2010 నవంబరు 25న హర్యానాలోను, 2011 జనవరి 20న దేశమంతటను అమలునకు వచ్చినది. అంతకుముందు నంబరు పోవునను భయముచేతనే జనులు అయిష్టమైన కంపెనీని భరించుచుండిరి. మెయిలు విషయమున నేడును ఆ భయమే. 2019 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లులో తన సమాచారమును వేఱొకచోటికి తీసికొనిపోవు హక్కు కలదు. 2023 లో శాసనమైన చట్టమున ఆ హక్కు కానరాదు. ఐరోపాలో 2025 సెప్టెంబరు 12 నుండి వర్తించుచున్న డేటా చట్టము క్లౌడు కంపెనీలు వాడుకరుల మార్పునకు అడ్డుపడరాదని శాసించినది. 2027 జనవరి 12 నుండి మార్పునకై రుసుము వసూలు చేయుటనే నిషేధించుచున్నది. ఐరోపా ప్రజలకు గల హక్కు మన ప్రజలకేల లేకపోవలెను?

రెండుచోట్ల ఉత్తరములుంచిన దొంగకు రెండు ద్వారములు దొరకునని యొక యాక్షేపణ కలదు. ఇది నిజమే. అన్ని పెట్టెలను తెఱవగల యొక్క తాళపుచెవిని వలస సాధనమునకు ఇచ్చుట సాధారణము. పని ముగిసినను దానిని వెనుకకు తీసికొననిచోట ప్రమాదము పొంచియుండును. కావున సమన్వయము కాలపరిమితిగల యేర్పాటుగా నుండవలెనే గాని శాశ్వత ద్వికాపురము కారాదు.

సంస్థలవారు చేయదగిన పనులు మా యభిప్రాయమున నివి. మొదట డొమైను సంస్థ పేరననే నమోదు గావింపవలెను, సరఫరాదారుని పేరనో గుమాస్తా పేరనో కాదు. పిమ్మట కొలది పెట్టెలతో పరీక్షించి, రెండువైపుల ఉత్తరముల సంఖ్యను సరిచూడవలెను. సంఖ్య సరిపోవువఱకు పాతపెట్టెను మూయరాదు. ముగింపుతేది ముందే నిర్ణయించి, ఆనాడు తాళపుచెవులన్నియు వెనుకకు తీసికొనవలెను. ఐమాప్‌సింక్ వంటి స్వేచ్ఛాసాధనములు గలవు గనుక చిన్న సంస్థలు నిరాశ చెందనక్కఱలేదు. ప్రభుత్వములు మాత్రము ఇంకొక యడుగు ముందుకు వేయవలెను. ప్రజాధనముతో చేయు ప్రతి మెయిలు ఒప్పందమునను వెడలిపోవు విధానము, గడువు, ఖర్చు స్పష్టముగా వ్రాయింపవలెను. 2019 నాటి బిల్లునుండి జారిపోయిన హక్కును చట్టమున మరల చేర్పవలెను.

తపాలాబంట్రోతు ఉత్తరమును మోయునంతమాత్రమున దానికి యజమాని గాడు. పెట్టె యద్దెకిచ్చిన కంపెనీయు అంతే. ఉత్తరము వ్రాసినవానిది, అందుకొన్నవానిది. వారు కోరినచోటికి కోరిననాడు దానిని కొనిపోవు హక్కును పార్లమెంటు ఆలస్యములేక గుర్తించుగాక.